బల్లకి అటువైపు

తూకాల గదిలో ఫ్యాన్ ఉండదు. కిటికీలు తెరవరు. రాతి బల్లల మీద, గాజు తలుపుల వెనక ఉండే ఆ త్రాసులు మనిషి తుమ్మినా ఉలిక్కిపడతాయి; చివరి అంకె కుదురుగా నిలబడదు. అందుకని రసాయనశాస్త్ర విభాగంలో ఆ ఒక్క గదికి గాలి నిషేధం. మధ్యాహ్నం ల్యాబు ముగిశాక అటువైపు ఎవరూ తొంగి చూడరు. చివరి సంవత్సరం పిల్లలు తమ ఉత్తుత్తి ఇంటర్వ్యూలకి ఆ గదినే ఎంచుకున్నారు. అక్కడ చెమటలు కక్కుతూ మాట్లాడగలిగినవాడు ఏసీ గదిలో ఎవరి ముందైనా మాట్లాడగలడని వాళ్ళ లెక్క.

ఆ గదిలో బల్లకి అటువైపు, అంటే ప్రశ్నలు వేసే వైపు, ఎప్పుడూ ఒకే అమ్మాయి కూర్చునేది. ఇంటర్వ్యూ బోర్డులో ఉండాల్సిన ముగ్గురి పనీ ఒక్కతే చేసేది కాబట్టి ఆమెకి బోర్డు అన్న పేరు పడింది. జూనియర్లకి బోర్డక్క.

ఆ పని ఆమె కోరి తెచ్చుకున్నది కాదు. మొదటిసారి ఎవరో ఒకరు కంపెనీవాళ్ళలా నటించాల్సి వచ్చింది. మగపిల్లలు కూర్చుని నవ్వు ఆపుకోలేకపోయారు. ఈమె కూర్చుంది. నవ్వలేదు. పెన్ను మూత తీసి, అప్పటిదాకా ఒరేయ్ అని పిలిచిన క్లాస్‌మేట్ ముఖంలోకి చూసి, "మీ గురించి చెప్పండి" అంది. ఆ 'మీ'కి వాడు కుర్చీలో నిటారుగా సర్దుకున్నాడు. మర్నాటికల్లా గది బయట వరస కట్టారు.

ఆమెకి ఒక విద్య అబ్బింది. అవతలి మనిషి చెప్పే జవాబులో ఎక్కడ ఊపిరి మారుతుందో, ఎక్కడ కళ్ళు సీలింగు వైపు పోతాయో ఇట్టే కనిపెట్టేది. "అది నీ మాట కాదు, నెట్‌లో మాట. ఇంకోటి చెప్పు" అనేది. ఇంకోటి చెప్పేవాళ్ళు. అదీ కాదనేది. చివరికి వాళ్ళు విసుగెత్తి, కోపమొచ్చి, దాచుకున్న నిజం ఒకటి బయట పడేసేవాళ్ళు. "ఇదుగో, ఇది చెప్పు" అని నోట్లో పెట్టి పంపేది. రంగుల కంపెనీ వచ్చినప్పుడు ఎంపికైన ముగ్గురూ ఆమె చేతిలో నలిగినవాళ్ళే. మందుల కంపెనీకి వెళ్ళిన ఇద్దరూ అంతే.

రెండు చోట్లా ఆమె కూడా కూర్చుంది. రెండు చోట్లా రాలేదు. ఎందుకు రాలేదో ఎవరూ చెప్పరు. ఉద్యోగం ఇవ్వకపోవడం ఒక ఎత్తు, కారణం కూడా ఇవ్వకపోవడం ఇంకో ఎత్తు. విశ్వవిద్యాలయం వాళ్ళు మాత్రం ఒక ఉపన్యాసకుణ్ణి పిలిపించి, కొండెక్కుతున్న మనిషి బొమ్మ తెర మీద వేయించి, ఆశ వదులుకోవద్దని చెప్పించారు. ఆయన ఉద్యోగమే అది. ఆశ వదులుకోవద్దని చెప్పడం. ఆయనకి తప్ప ఆ సభ వల్ల ఇంకెవరికీ పని దొరికినట్టు దాఖలాలు లేవు.

ఆమె ఉండేది అక్కాబావల దగ్గర. కింద బావ బైండింగు షాపు, పైన రెండు గదులు. చివరి సంవత్సరం వాళ్ళ ప్రాజెక్టు రిపోర్టులన్నీ ఆ షాపుకే వస్తాయి. నల్ల అట్ట, బంగారు అక్షరాలు, లోపల ఎవరూ చదవని పేజీలు. మెట్లెక్కాలంటే ఆ అట్టల కట్టల మధ్యనుంచే వెళ్ళాలి. జిగురు వాసన జుట్టుకి పట్టేది.

"ఏమ్మా మరదలా, ఇవాళ ఎంతమందిని ఉద్యోగాల్లో పడేశావు?" అనేవాడు బావ, అక్షరాలు అచ్చేసే ఇనుప చట్రం మీదనుంచి తల ఎత్తకుండానే.

"ఇద్దర్ని వాయించాను బావా. ఒకడు ఏడ్చాడు."

"నన్నూ ఒకసారి ఇంటర్వ్యూ చెయ్యి తల్లీ. మీ అక్క నన్నెందుకు ఎంచుకుందో నాకింతవరకూ అంతుపట్టలేదు."

"ఆ రోజు బోర్డుకి సెలవు," అని పైనుంచి అక్క గొంతు వినపడేది.

నవ్వుకునేవాళ్ళు. బావ మంచివాడు. గొడవంతా అక్కడే. పరీక్షలయ్యాక ఖాళీగా ఉండటం ఎందుకని, షాపు కౌంటర్లో ఆమెకి చోటు చూసి పెట్టాడు. వచ్చినవాళ్ళందరికీ "ఇంకొన్నాళ్ళాగండి, మా మరదలు కూర్చుంటుంది, లెక్కలన్నీ అది చూసుకుంటుంది" అని చెప్పేశాడు కూడా. కసురుకునేవాళ్ళయితే ఎదురు తిరగొచ్చు. ప్రేమగా సర్దిన కుర్చీని కాలితో తన్నడం ఎలాగో ఆమెకి తెలియలేదు. ఊళ్ళో ఉన్న అమ్మ ఫోన్ చేసి రెండే ప్రశ్నలు వేసేది. "ఏమైనా తెలిసిందా?" అన్నది మొదటిది. "తిన్నావా?" అన్నది రెండోది. మొదటిదానికి జవాబు లేదు కాబట్టి రెండోదానికి ఆమె వివరంగా చెప్పేది.

ఇక మిగిలింది ఒక్కటే కంపెనీ. నీళ్ళు పరీక్షించే ల్యాబు. ఒకటే ఖాళీ. అది దాటితే పరీక్షలు, ఆ తర్వాత బావ కౌంటరు. మిగతా కంపెనీలు వచ్చినప్పుడు ఉద్యోగం కావాలి అనుకుంది. దీనికి మాత్రం, ఈ ఉద్యోగం కావాలి అనుకుంది. ఆ రెంటికీ ఉన్న తేడా ఆమె ఎవరికీ చెప్పలేదు, ఇంటర్వ్యూ ముందు రోజు సాయంత్రం వరకూ.

ఆ సాయంత్రం తూకాల గదిలోకి ఆఖరుగా వచ్చింది పొడుగోడు. క్లాసులో అందరికన్నా రెండు తలలు ఎత్తు; గుమ్మం తగలకుండా వంగి వంగి వీపుకి గూని వచ్చింది. చుక్కలుగా కొలిచి వదిలే బ్యూరెట్ పట్టుకుంటే వాడి చెయ్యి దేవుడి చెయ్యి. చుక్క ఎక్కువ పడదు, తక్కువ పడదు. నోటినుంచి మాత్రం తనదైన మాట చుక్క కూడా రాలదు.

"నీళ్ళ ల్యాబులోనే ఎందుకు పనిచెయ్యాలనుకుంటున్నారు?" అంది బోర్డు.

"అంటే... నీళ్ళు చాలా ముఖ్యం కాబట్టి. నీళ్ళు లేకపోతే మానవాళి..."

"ఆపు. నీళ్ళు లేకపోతే చస్తామని వాళ్ళకి తెలుసు. నువ్వెందుకు?"

"జీతం."

"అది అందరికీ ఉన్నదే. నువ్వు, నువ్వే ఎందుకు?"

పొడుగోడు మెడ మీద చెమట తుడుచుకున్నాడు. "ఏమో బోర్డూ. మా ఫ్లాట్లో కుళాయి తిప్పితే వచ్చేవి. నాకూ నీళ్ళకీ అంతకు మించి చుట్టరికం లేదు."

ఆమెకి నవ్వొచ్చింది. మధ్యాహ్నం నుంచీ అడిగి అడిగి అలిసిపోయి ఉంది. పెన్ను కింద పెట్టింది. "చూడు, నేనైతే ఇలా చెప్తా. నువ్విది చెప్పమని కాదు. ఎలా ఉండాలో చూపిస్తున్నా."

ఊళ్ళో తమ ఇంటి వెనక బావి సంగతి చెప్పింది. ఆ నీళ్ళకి సబ్బు నురగ రాదు. కెటిల్లో కాస్తే లోపల తెల్లటి పెచ్చు కట్టేది. వాళ్ళమ్మ వారానికోసారి రాయి పెట్టి ఆ పెచ్చు కొట్టేది. గిన్నెలో రాళ్ళు మొలుస్తున్నాయని చిన్నప్పుడు ఆమె నమ్మింది. ఆ ముక్కలు ఏరి, డబ్బాలో దాచుకుని, నీళ్ళు పోసి పెరుగుతాయేమోనని చూసేది. ఒకరోజు ఆడుకుంటూ వాటి మీద నిమ్మకాయ పిండింది. బుసబుసమని పొంగాయి. రాయి ఊపిరి పీల్చింది అనుకుంది. ఇంట్లో ఉన్న నిమ్మకాయలన్నీ అయిపోయేదాకా పిండింది, వీపు చిట్లేదాకా దెబ్బలు తింది. కొన్నేళ్ళకి బళ్ళో మేడమ్ బోర్డు మీద ఆ సమీకరణం రాసినప్పుడు, అందరూ దాన్ని కాపీ చేసుకుంటుంటే తను మాత్రం చెయ్యి వదిలేసి కూర్చుంది. ఇది మా కెటిల్ కదా అని.

పొడుగోడు చెమట తుడుచుకోవడం మరిచిపోయాడు. "అబ్బ. వింటుంటేనే అపాయింట్‌మెంట్ ఆర్డర్ ఇచ్చెయ్యాలనిపిస్తోంది."

"అలాంటిది నీ దగ్గరా ఒకటుంటుంది. ఇంటికెళ్ళి వెతుక్కో."

"వెతుక్కుంటా," అన్నాడు, గుమ్మానికి తల కొట్టుకుంటూ.

పంచుకుంటే తరగనిది జ్ఞానమొక్కటే అని చెప్పే పెద్దమనుషులు ఒకే ఒక్క కుర్చీ కోసం వరసలో ఎప్పుడూ నిలబడి ఉండరు.

మర్నాడు ఇంటర్వ్యూలు విభాగం హెడ్డుగారి గదిలో. రోల్ నంబరు ప్రకారం పిలుస్తున్నారు, ఆమెది ఆఖరు. పొద్దుటినుంచీ వరండాలో నిలబడి, వెళ్ళేవాళ్ళ కాలరు సరిచేసింది, చేతులు కట్టుకోవద్దని చెప్పింది, ఒకమ్మాయికి మంచినీళ్ళు తాగించింది. పొడుగోడు లోపలినుంచి వచ్చాక ఎలా జరిగిందని అడిగింది. "బాగానే..." అంటూ వాడు బూటు లేసు కట్టుకోవడానికి వంగాడు. అంత మనిషి వంగితే మళ్ళీ లేవడానికి సమయం పడుతుంది. ఈలోగా ఆమెని పిలిచారు.

లోపల ఇద్దరు. నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న అధికారిణి ఒకావిడ. పక్కన ల్యాప్‌టాప్‌తో కుర్రాడు. ప్రశ్నలు అడగడం అతనికి కొత్తని ఆమెకి కూర్చోగానే అర్థమైంది.

"నీళ్ళ ల్యాబే ఎందుకమ్మా?" అంది అధికారిణి.

"మా ఇంటి వెనక బావి ఉండేదండీ. ఆ నీళ్ళు కాస్తే..."

"కెటిల్లో తెల్లటి పెచ్చు కట్టేదా?" అన్నాడు కుర్రాడు.

"అవునండీ!" అంది సంబరంగా. తెలిసినవాడు దొరికాడనుకుంది.

"దానిమీద నిమ్మకాయ పిండితే బుసబుసలాడిందా?"

ఆమె ముఖంలో నవ్వు ఇంకా ఆరలేదు. ఆ నిమ్మకాయ మాట తను ఇంకా అననే లేదు. కుర్రాడు అధికారిణి వైపు చూసి పెదవి బిగించాడు. ఆవిడ నెమ్మదిగానే అంది: "ఇందాక ఒకబ్బాయి ఇదే చెప్పాడమ్మా. చాలా బాగా చెప్పాడు."

ఆ బావి మాది. మాట నాలుక చివరకొచ్చి ఆగింది. అదే చెబితే ఏమవుతుందో ఆమెకన్నా బాగా తెలిసినవాళ్ళు ఆ గదిలో లేరు. మొదట చెప్పినవాడిది కథ. రెండోసారి చెప్పినది కాపీ. నాదేనని గట్టిగా అంటే గట్టి కాపీ. నమ్మించగలిగినా, నమ్మించిన మరుక్షణం పొడుగోడు మునుగుతాడు. 

"మా బావి కూడా అలాంటిదేనండీ," అంది చివరికి.

"మంచిది. ఇంకేమైనా కారణముందా?"

లేదు. మనిషికి నిజమైన కారణం ఒకటుంటే గొప్ప. దాన్ని నిన్న సాయంత్రం చేతులారా ఇచ్చేసి వచ్చింది. "నీళ్ళు చాలా ముఖ్యం కాబట్టి..." అని మొదలుపెట్టింది. తన గొంతు తనకే పరాయిగా వినిపించింది. అక్కడే ఆగిపోయింది.

కుర్రాడు జాలిపడ్డాడు కాబోలు, విషయంలోకి దిగాడు. "ఒక శాంపిల్‌కి పీహెచ్ ఏడు వచ్చింది. ఆ నీళ్ళు తాగొచ్చా, తాగకూడదా? ఒక్క ముక్కలో చెప్పు."

"ఆ ప్రశ్న అలా అడిగితే ఎవరు చెప్పినా తప్పే అవుతుందండీ," అంది ఆమె. అప్పటిదాకా పరాయిగా వినిపించిన గొంతు మళ్ళీ తనదయింది. "పీహెచ్ ఏడున్న నీళ్ళలో విషం కూడా ఉండొచ్చు. 'తాగొచ్చని చెప్పడానికి ఇంకా ఏమేం చూస్తారు' అని అడగండి. అప్పుడు అవతలివాళ్ళకి ఎంత తెలుసో మీకు తెలుస్తుంది. ఒక్క ముక్క అన్నారంటే గుడ్డిగా చెప్పినవాడు కూడా సగం సార్లు గెలుస్తాడు."

కుర్రాడి చెవులు ఎర్రబడ్డాయి. అతను ఆ ప్రశ్నని అలాగే అడిగాడు. ఆమె చెప్పింది, బాగా చెప్పింది. తర్వాత గదిలో నిశ్శబ్దం. తూకాల గదిలో అలాంటి నిశ్శబ్దం వచ్చినప్పుడు దాన్ని ముగించాల్సింది బోర్డే. అలవాటు ఆమెకన్నా ముందు మేలుకుంది. వెనక్కి వాలి, చేతిలోని పెన్నుకి మూత పెట్టి, "థాంక్యూ. మీరు బయట కూర్చోండి, పిలుస్తాం," అంది.

కుర్రాడు నిజంగానే లేచి నిలబడ్డాడు.

అధికారిణి నవ్వడం మొదలుపెట్టి, కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకునేదాకా ఆపలేదు. ఆమె మాత్రం ఆ కుర్చీలో కరిగిపోయి నేలలో ఇంకిపోతే బాగుండుననుకుంది.

"నువ్వు వీళ్ళకి ట్రైనింగ్ ఇస్తుంటావా?"

"అప్పుడప్పుడూ."

"ఎంతమందికి?"

"అందరికీ."

"బావి అబ్బాయికి కూడానా?"

ఆవిడ కళ్ళజోడు లేని కళ్ళతో సూటిగా చూస్తోంది. ఆమె తల ఊపింది. అంతకంటే ఏమీ చెప్పలేదు. ఆవిడకి అర్థమైందో లేదో ముఖంలో తెలియలేదు. "వాడి చేత ఇందాక ల్యాబులో బ్యూరెట్‌తో ఒక టైట్రేషన్ చేయించాం. చెయ్యి చాలా బాగుంది," అని మాత్రం అంది, ఎవరికో సంజాయిషీ ఇస్తున్నట్టు.

ఉద్యోగం పొడుగోడికొచ్చింది. ఆ సాయంత్రమే వాడు షాపుకి వచ్చాడు, కట్టల మధ్య ఎక్కడ నిలబడాలో తెలియక చేతులు నలుపుకుంటూ.

"తిట్టవే."

"నీ నోట్లోకి నా బావి ఎలా వచ్చిందిరా?"

"రాత్రంతా వెతికా బోర్డూ. ఒట్టు. మా అమ్మని కూడా అడిగా, చిన్నప్పుడు నాకు నీళ్ళతో ఏమైనా జరిగిందా అని. బకెట్లో పడ్డావంది. దాంతో నేనేం చెప్పను?"

"అదే చెప్పాల్సింది వెధవా!"

"నోరు తెరిస్తే నీదే వచ్చింది. మధ్యలో ఆపేద్దామనుకున్నా. ఆవిడేమో ముందుకి వంగి వింటోంది. నా మాట అంత శ్రద్ధగా ఇంతవరకూ ఎవరూ వినలేదే. ఆపబుద్ధి కాలేదు." వాడు ఒక నల్ల అట్ట తీసి మళ్ళీ కట్టమీద పెట్టాడు. "పొద్దున్నే ఫోన్ చేసి చెప్పేస్తా. ఆ అమ్మాయిది, నాది కాదని."

"చెప్తే?"

"నిన్ను తీసుకుంటారు."

"నిన్ను తీసేస్తారు. నన్ను తీసుకోరు. వాళ్ళ కుర్రాణ్ణి కుర్చీలోంచి లేపినదాన్ని నేను. అప్పుడు ఇద్దరం కలిసి మా బావకి అట్టలు అంటిద్దాం."

"ఇద్దరికి జీతం ఇవ్వలేనమ్మా నేను," అన్నాడు బావ చట్రం మీదనుంచి.

ఆమెకి అరవాలనుంది. అరవడానికి తగిన మనిషి ఎదురుగా లేడు. వాడు దొంగ కాదు, మంచి చెయ్యి ఉన్న మూగవాడు. చివరికి తనకి వచ్చిన ఒకే ఒక పని చేసింది. "విను. అక్కడ మళ్ళీ ఆ బావి సంగతి ఎవరైనా ఎత్తితే ఫ్లాట్లో బావి ఎక్కడిదని పట్టుకుంటారు. మీ అమ్మమ్మగారి ఇంట్లో అని చెప్పు. ఇప్పుడు పూడ్చేశారను. కళ్ళు పైకెత్తకు. అను చూద్దాం."

"మా అమ్మమ్మగారి ఇంట్లో..." అన్నాడు పొడుగోడు బుద్ధిగా.

"ఇంకోసారి."

అలా ఆ సాయంత్రం, ఎన్నడూ చూడని ఒక ముసలావిడకి బావిని రాసిచ్చేసింది.

హెడ్డుగారు కబురు పెట్టారు. నీళ్ళ ల్యాబు అధికారిణి వెళ్తూ వెళ్తూ, ఆ అమ్మాయిని వదులుకోకండి అని చెప్పిందట. విభాగంలో కొత్తగా ఒక పోస్టు పెడుతున్నారు. పిల్లల్ని ఇంటర్వ్యూలకి తయారుచేసే పని. ఏడాది కాంట్రాక్టు. "ఈ పని నీకు పుట్టుకతోనే వచ్చిందమ్మా," అన్నారాయన. రేపటికి చెప్తానని వచ్చింది. ఆ రేపు రాకముందే అక్క అమ్మకి చెప్పింది, అమ్మ వీధంతా చెప్పింది. "ఏమైనా తెలిసిందా" అని అడగకుండా అమ్మ చేసిన మొదటి ఫోను అది. ఫోన్లో ఏడ్చింది. కౌంటరు ఖాళీగా ఉండిపోతుందని బావ ఉత్తుత్తిగా మూతి ముడుచుకుని, కొత్త చెప్పులు కొనిపెట్టాడు. ఇంత సంతోషం మధ్య, నాకిది వద్దేమో అనే మాటకి నిలబడే చోటు లేకపోయింది.

మర్నాడు వెళ్ళి హెడ్డుగారి ఎదురుగా కూర్చుంది. "సార్, ఈ ఏడాది అయ్యాక ఏమిటి?"

"ఏడాదయ్యాకంటే... అనుభవం అనేది ఎప్పుడూ వృథా పోదమ్మా..."

"సార్, అది అందరూ చెప్పేదే."

అని నాలుక కరుచుకుంది. ఆయన ఆగారు. కోపం తెచ్చుకుందామా వద్దా అని ఆలోచించి, మానుకున్నారు. "నాకు తెలియదమ్మా. నేనే ఇన్‌చార్జి హెడ్డుని. ఈ కుర్చీలో వచ్చే ఏడాది ఎవరుంటారో నాకే ఎవరూ చెప్పడం లేదు."

ఆ సంవత్సరంలో పెద్దవాళ్ళ నోట ఆమె విన్న మొదటి నిజమైన జవాబు అది. "ఈలోగా నేను వేరే ఇంటర్వ్యూలకి వెళ్ళొచ్చా సార్?"

"వెళ్ళమ్మా, ఎవరాపుతారు? పిల్లలకి మాత్రం తెలియనివ్వకు. ఉద్యోగం ఎలా తెచ్చుకోవాలో నేర్పే మనిషే ఉద్యోగం వెతుక్కుంటోందంటే మన పరువేం కావాలి?"

"సరే సార్," అంది.

వరండాలో జూనియర్లు చుట్టుముట్టారు. కంగ్రాట్స్ బోర్డక్కా అన్నారు. మీరు లక్కీ అక్కా, మీకింక ఏ టెన్షనూ లేదు అన్నారు. ఆమె నవ్వింది.

పరీక్షలయ్యాక ఆ పనిలో చేరింది. అప్పటినుంచీ ఆమెకి పంటినొప్పి. ఎక్కడైనా ఇంటర్వ్యూ ఉంటే డెంటిస్టు దగ్గరికని సెలవు పెడుతుంది. నొప్పి నిజమనిపించడానికి ముందురోజునుంచే బుగ్గ పట్టుకుని తిరుగుతుంది. ఒకసారి ఏ వైపు పట్టుకుందో మరిచిపోయి పట్టుబడబోయింది. జూనియర్లు పాపం నమ్మారు. లవంగం పెట్టుకోమన్నారు, ఉప్పునీళ్ళు పుక్కిలించమన్నారు. ఒకమ్మాయి తన మేనమామే పళ్ళ డాక్టరని, డబ్బులు తీసుకోడని, వెంటబడింది. సరిగ్గా ఆ మేనకోడలికే ఇంటర్వ్యూలంటే మహా భయం. రోజూ వచ్చి అందరికన్నా ముందు వరుసలో నిలబడేది.

నీళ్ళ పనే మళ్ళీ ఒకచోట కనిపించింది. ఫ్యాక్టరీల బాయిలర్లలో పేరుకునే పెచ్చుని పరీక్షించి, కట్టకుండా చూసే చిన్న సంస్థ. ఆ ప్రకటన చదివిన రోజు ఆమె రెండు బుగ్గలూ పట్టుకుని తిరిగింది. వాళ్ళ ఆఫీసు ఒక గోడౌను పైన. మెట్ల పక్క ఇరుకు నడవలో నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. చివరి కుర్చీలో పళ్ళ డాక్టరుగారి మేనకోడలు కూర్చుని ఉంది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"పంటినొప్పి తగ్గిందా అక్కా?" అంది ఆ అమ్మాయి. వెటకారం కాదు; నోటికొచ్చింది అనేసింది. అన్నాక దానికి అర్థమైంది. కళ్ళు పెద్దవయ్యాయి.

"నీకు చివరి ఏడాదే మొదలవలేదు కదా, ఇక్కడేం చేస్తున్నావు?"

"మీరే కదక్కా, ఎంత ముందు మొదలుపెడితే అంత మంచిదన్నారు." అమ్మాయి తన కుర్చీ దగ్గరికి లాక్కుంది. గొంతు తగ్గించింది. "నేనెవరికీ చెప్పనక్కా. మీ మీద ఒట్టు. హెడ్డుగారికి అసలు చెప్పను."

"థాంక్స్."

"కానీ అక్కా, నన్నే ముందు పిలుస్తారు. ఇదే పని ఎందుకు అంటే నేనేం చెప్పాలి? రోజూ నేను చెప్పిందల్లా మీరు కాదంటారు. మీరు ఏం చెప్పబోతున్నారో అది ఒక్కసారి చెప్పండక్కా. వింటే నాకు ఐడియా వస్తుంది. అంతే."

ఆ ముఖంలో కుట్ర లేదు. పొడుగోడి ముఖంలోనూ లేదు. కింద గోడౌనులో ఎవరో ఇనుప డ్రమ్ములు దొర్లిస్తున్నారు. ఆమె నోరు అలవాటు కొద్దీ తెరుచుకుంది. చూడు, నేనైతే ఇలా చెప్తా అన్న మాట పళ్ళ వెనక తయారుగా ఉంది. ఇచ్చేస్తే ఈ పిల్ల నోరు మూసుకుంటుంది. ఏడాది కాంట్రాక్టు భద్రం, అమ్మ చెప్పుకున్న గొప్ప భద్రం. ఇవ్వకపోతే, ఒట్టు వేసినవాళ్ళు దానిమీద ఎన్నాళ్ళు నిలబడతారో తెలియదు.

"చెప్పను," అంది.

"అక్కా!"

"నాది నాకు కావాలి. నీది నువ్వు చూసుకో."

"మా దగ్గర మాత్రం అన్నీ లాగుతారు కదా మీరు," అంది అమ్మాయి. కుర్చీ మళ్ళీ వెనక్కి జరుపుకుంది. "ఇన్నాళ్ళూ నేనేం దాచుకున్నాను మీ దగ్గర?"

 ఒక్క మాట చెప్పి ఊరడించొచ్చు, కాలరు సరిచేయొచ్చు. చేతులు ఒళ్ళోనే ఉంచుకుంది. "కావాలంటే హెడ్డుగారికి చెప్పుకో," అంది, అనుకున్నదానికన్నా కటువుగా.

తలుపు తెరుచుకుంది. లోపలినుంచి ఒకాయన తొంగి చూసి అమ్మాయిని రమ్మన్నాడు. అది లేచి, కళ్ళు తుడుచుకుని, ఆమెవైపు చూడకుండా లోపలికి వెళ్ళింది. తలుపు పూర్తిగా పడలేదు; సందులోంచి గొంతులు వినిపిస్తున్నాయి. కూర్చోమ్మా అన్నారెవరో. మొదటి ప్రశ్న అడిగారు. అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు.

ఆమె లేచి వెళ్ళి ఆ తలుపు సందు లేకుండా మూసి, తన కుర్చీలో కూర్చుంది.